సహజవాయువు ఫండ్లు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

కృష్ణా డెల్టా గ్రామములలో ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చు దినములందు రచ్చబండ వద్ద పలువిధములైన మాటలు వినవచ్చుచుండును. పూర్వము ఆ మాటలు చిట్టీలను గూర్చియు, బస్తీలో కొనదగిన స్థలములను గూర్చియు సాగెడివి. నేడు వానికి తోడుగా చేతిఫోనులో కొనుగోలు చేయు ఫండ్ల ప్రస్తావనయు వచ్చి చేరినది. అట్టివానిలో సహజవాయువు ఫండు ఒకటి. "ప్రెసిడెంటుగారూ, మన కాళ్ల కిందే గ్యాసు ఉంది. గ్యాసు ధర పెరుగుతూనే ఉంది. గ్యాసు ఫండులో నాలుగు రూపాయలు వేస్తే తప్పేమిటండీ?" అని అడుగువారు కలరు. అడుగుట సహజమే. ఇట్టి ప్రశ్న మొదట చేరునది సర్పంచి వద్దకో, వార్డు సభ్యుని వద్దకో. సంగతి తెలియకయే వారు తల ఊపినచో ఆ ఊపుటయే పదిమందికి హామీ అగును. కావున ఈ ఫండు ఎట్లు నడచునో, అందు వేసిన సొమ్ము ఏమగునో కొంత వివరముగా చెప్పదలచితిమి.

మొదట పేరును గూర్చిన చిక్కు తీర్చుకొందము. మన వంటయింటి సిలిండరులో ఉండునది సహజవాయువు కాదు. అది ప్రొపేను, బ్యూటేను అను వాయువులను ఒత్తిడిచే ద్రవముగా మార్చి నింపినది. దేశమునకు కావలసిన దానిలో సగమునకు పైగా ఓడలలో పరదేశములనుండి వచ్చుచున్నది. దాని ధరకు సౌదీ అరేబియాలో నెలనెలా ప్రకటించు ధర ఆధారము. సహజవాయువు వేరు. అది ప్రధానముగా మీథేను. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ గొట్టముల ద్వారా ఇండ్లకును, సి.ఎన్.జి. కేంద్రముల ద్వారా ఆటోలకును అందించుచున్నది ఇదియే. రెండింటిని జనులు గ్యాసు అనియే పిలుతురు గాని రెండింటి బజారులు వేరు, ధరలు వేరు. సిలిండరు ధర హెచ్చినదని సహజవాయువు ఫండు కొనుట, మిరప ధర హెచ్చినదని విని పసుపు కొని దాచుట వంటిది.

ఇక కాళ్ల క్రింది వాయువు మాట. కృష్ణా గోదావరీ మండలమున సహజవాయువు కలదనుట నిజము. 1978 లో నరసాపురము వద్ద త్రవ్విన బావిలో అది బయటపడినది. తరువాత రాజోలు, తాటిపాక ప్రాంతములందును, మన కృష్ణా ప్రక్కన కైకలూరు, లింగాల ప్రాంతములందును ఓ.ఎన్.జి.సి. బావులు వెలసినవి. 2002 లో కాకినాడ ఎదుటి లోతు సముద్రమున రిలయన్స్ సంస్థ పెద్ద నిక్షేపమును కనుగొనగా, 2009 ఏప్రిలులో అందలి వాయువు తీరమునకు చేరినది. ఈ వాయువు వలన మన ప్రాంతమునకు కలిగిన లాభనష్టములు రెండును మనము ఎరిగినవే. 2014 జూన్ 27 వ తేదీన కోనసీమలోని నగరము గ్రామమున గెయిల్ వారి గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. విజయవాడ చెంత కొండపల్లిలోని విద్యుత్ కేంద్రమునకు వాయువును కొనివచ్చు మార్గము అది.

అయితే అంగటిలో సహజవాయువు ఫండు అని చూపునట్టి దానికిని ఈ వాయువునకును ఎట్టి సంబంధమును లేదు. ఫండు వెంబడించు ధర అమెరికాలో లూసియానా రాష్ట్రమున ఎరాత్ అను ఊరి చెంత హెన్రీ హబ్ అను గొట్టముల కూడలి వద్ద నిర్ణయమగునది. అచట చలికాలమున ఇండ్లు వెచ్చచేసికొనుటకు వాయువును విరివిగా వాడుదురు. చలి ముదిరినచో ధర ఎగయును. చలి లేకున్నచో పడును. ఉడిగిన బావులలోను, భూగర్భమందలి ఉప్పు గుహలలోను ఎంత వాయువు నిలువయున్నదో ఆ దేశపు ప్రభుత్వము ప్రతి గురువారము లెక్క ప్రకటించును. ఆ లెక్క వెలువడిన గడియలోనే ధర అటో ఇటో ఊగును. మన నేలలోని వాయువు ధర సంగతి వేరు. ఓ.ఎన్.జి.సి.కి ప్రభుత్వము కేటాయించిన పాత క్షేత్రముల వాయువునకు 2023 ఏప్రిలు నుండి ముడిచమురు ధరలో పదవ వంతు అను సూత్రము అమలులో ఉన్నది. దానికొక పై హద్దు, ఒక క్రింది హద్దు కూడ నిర్ణయింపబడినవి. కైకలూరు బావిలో వాయువు పెరిగినను తరిగినను, కొండపల్లికి వచ్చు గొట్టము నిలిచినను, లూసియానా ధర కదలదు. మన కాళ్ల క్రింది గ్యాసు అను మాట వినుటకు ఇంపుగా ఉండును గాని పెట్టుబడికి కారణము కాజాలదు.

ఎక్స్ఛేంజిలో క్రయవిక్రయములు జరుగు ఫండు అనగా, ఈటీఎఫ్ అనగా, పదిమంది సొమ్మును ఒకచోట కూర్చి ఒక నిర్ణీత వస్తువునో, కొన్ని కంపెనీల షేర్లనో కొనిపెట్టి, ఆ మొత్తమును యూనిట్లుగా విభజించి, ఆ యూనిట్లను షేర్లవలె స్టాకు ఎక్స్ఛేంజిలో అమ్ముటకు వీలు కలిగించు ఏర్పాటు. మన దేశమున ఇట్టి ఫండ్లు 2002 నుండి నడచుచున్నవి. బంగారపు ఫండు 2007 లో వచ్చినది. వెండి ఫండ్లకు సెబీ 2021 లో అనుమతింపగా మరుసటి సంవత్సరము అవి మొదలైనవి. సహజవాయువు ఫండు మాత్రము మన ఎక్స్ఛేంజిలలో లేదు. బంగారమునకు కలిగి, వాయువునకు కలుగకపోవుటకు గల కారణము తెలిసినచో ఈ విషయమున సగము తెలిసినట్లే.

బంగారపు ఫండు మీ సొమ్ముతో బంగారమునే కొని ఖజానా గదిలో పెట్టును. పది సంవత్సరములు ఉంచినను బంగారము చెడదు, ఎక్కువ చోటు పట్టదు, కావలికి అగు ఖర్చు స్వల్పము. వాయువును అట్లు ఉంచగల ఫండు లేదు. దానిని నిలువచేయుటకు గుహ కావలెను, గొట్టము కావలెను, పంపు కావలెను. అందుచేత వాయువు ఫండు వాయువును కొనదు. ముందొక నెలలో వాయువును ఈ ధరకు ఇచ్చిపుచ్చుకొందుమను వాయిదా ఒప్పందమును కొనును. ఆ ఒప్పందమునకు గడువు కలదు. గడువు తీరువరకు ఉంచుకొన్నచో వాయువును స్వీకరింపవలసివచ్చును. ఫండునకు వాయువుతో పనిలేదు గనుక, గడువునకు సుమారు రెండు వారములు ముందుగానే దగ్గరి నెల ఒప్పందమును అమ్మివేసి, పై నెల ఒప్పందమును కొనును. మరల నెల గడచును, మరల అమ్మును, మరల కొనును. ఫండు ఉన్నన్నాళ్లు ఈ పని ఆగదు. సొమ్ము కరగునది ఈ మార్పిడిలోనే.

గుంటూరు మిరప సంగతి మనకు తెలియనిది కాదు. కోతల కాలమున ధర తక్కువగా నున్నప్పుడు రైతు టిక్కీలను కోల్డు స్టోరేజిలో పెట్టును. దానికి అద్దె కలదు, అప్పు తెచ్చియున్నచో వడ్డీ కలదు. కనుకనే ఆరు నెలల తరువాత ఇచ్చు సరుకునకు ఎవరైన బేరమాడినచో నేటి ధరకు అద్దెయు వడ్డీయు కలిపి చెప్పుదురు. దుగ్గిరాల పసుపు యార్డులో వ్యాపారులు లెక్కించునదియు ఇట్లే. వాయువు ఒప్పందములలో కూడ, నిలువలు సమృద్ధిగా ఉన్న కాలములందు, రాబోవు నెల ధర ఈ నెల ధరకంటె హెచ్చుగా ఉండును. ఆ హెచ్చులో గుహల అద్దె ఇమిడియున్నది. ఫండు తక్కువకు అమ్మి హెచ్చునకు కొనుచున్నది కనుక ఆ అద్దెను నెలనెలా యూనిటుదారుడే భరించును. కాని నిలువచేసిన సరుకు మాత్రము అతనికి లేదు. మిరప రైతునకు అద్దె కట్టిన పిమ్మట టిక్కీ అయినను మిగులును గదా.

దీనిని లెక్కవేసి చూతము. ఒక రైతు పదివేల రూపాయలు వేసినాడనుకొందము. దగ్గరి నెల ధర యూనిటుకు 200 రూపాయలు. అతనికి 50 యూనిట్ల వాయువునకు ఒప్పందము దొరకినది. నెల తిరుగుచుండగా పై నెల ధర 210 గా ఉన్నది. అదే పదివేలకు ఇప్పుడు 47.6 యూనిట్లే వచ్చును. మరుసటి నెలకు వాయువు ధర మారలేదు. ఆ 210 రూపాయల ఒప్పందము గడువు సమీపించుకొలది 200 లకు దిగివచ్చినది. అతని సొమ్ము 9,524 రూపాయలు. ఇట్లే పండ్రెండు నెలలు జరిగినచో సంవత్సరాంతమున వాయువు ధర 200 గానే ఉండును గాని అతని పదివేలు 5,568 అగును. నూటికి ఐదు అను తేడా లెక్క సులభముగా తెలియుటకై తీసికొన్నది. నూటికి రెండే అయినను సంవత్సరాంతమునకు మిగులునది 7,885 రూపాయలు. ఒక్కొక్కప్పుడు ఇందుకు వ్యతిరేకముగ కూడ జరుగును. సరుకునకు కొరత ఏర్పడిన దినములలో దగ్గరి నెల ధరయే హెచ్చుగా ఉండి, మార్పిడిలో ఫండునకు లాభము వచ్చును. అట్టి నెలలు లేకపోలేదు. అవి ఎప్పుడు వచ్చునో ముందుగా చెప్పగలవారిని మేమింతవరకు చూడలేదు.

ఇది కాగితముమీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ నేచురల్ గ్యాస్ ఫండు అనునది 2007 ఏప్రిలులో ప్రారంభమైనది. ఈ జాతి ఫండ్లలో అది పేరు మోసినది. అది మొదలైననాడు హెన్రీ హబ్ వద్ద వాయువు ధర 7 డాలర్లకు పైబడి ఉన్నది. ఈ ధర పది లక్షల బ్రిటిషు ఉష్ణమానములకు చెప్పునది. అనగా సుమారు 25 నుండి 28 ఘనపు మీటర్ల వాయువు. 2024 లో సగటు ధర సుమారు 2 డాలర్ల 20 సెంట్లు. వాయువు ధర మూడవ వంతు కంటె తక్కువకు దిగినదన్నమాట. ఫండు యూనిటు మూడవ వంతు వద్ద నిలువలేదు. నాడు వంద డాలర్లు వేసి కదపక ఉంచినవానికి ఒక్క డాలరైనను మిగులలేదు. యూనిటు ధర మరీ చిన్నదైపోవుటచే 2012 లోను, 2018 లోను, 2024 లోను నాలుగేసి యూనిట్లను ఒక్కటిగా కలిపివేసిరి. ఈ మూడు కలుపుడుల చేతనే 64 యూనిట్లు ఒక్క యూనిటు అయినవి. ఫోనులో చూపు చిత్రపటమున ఈ కలుపుడులను పాత ధరలలో సర్దివేసి చూపుదురు కనుక, ఎడమవైపున వేల డాలర్లు ఉన్నట్లును, కుడివైపున పది ఇరువది ఉన్నట్లును కనబడును. అది చూచి "ఇంత ఉండినది ఇంతకు దిగినది, మరల అక్కడకు పోవును" అని పలుకు సలహాదారులు కలరు. ఆ వేల డాలర్ల ధర ఎన్నడును ఎవరును చెల్లించినది కాదు.

న్యాయముగా చెప్పవలెనన్నచో ఆ ఫండు మోసము కాదు. తాను వెంబడించునది దినదినపు మార్పులనే అని తన పత్రములందు చెప్పుకొన్నది. కొద్దిదినములు ఉంచుకొని అమ్మువారికి, వాయువు వ్యాపారమున నష్టభయమును సర్దుకొనువారికి అది పనిముట్టు. 2022 ఆగస్టులో యూరపులో యుద్ధకాలపు కొరత వలన అమెరికా ధర కూడ 10 డాలర్ల సమీపమునకు పోయినప్పుడు సరియైన దినమున కొని సరియైన దినమున అమ్మినవారు లాభపడిరి. అదే ధర 2024 ఫిబ్రవరి నాటికి 2 డాలర్లకు దిగువనున్నది. ఏడాదిన్నర కాలమున ఐదింట నాలుగు వంతులు పోవు వస్తువు వ్యాపారికి సరిపడునేమో గాని, కుమార్తె వివాహమునకో, బోరు బావికో దాచిన సొమ్మునకు తగదు. ఆ మాటకు వచ్చినచో ఆరితేరినవారును దెబ్బతినిరి. 2006 సెప్టెంబరులో అమరంత్ అను అమెరికా సంస్థ సహజవాయువు వాయిదాలలో కొద్ది వారములలోనే సుమారు 600 కోట్ల డాలర్లు పోగొట్టుకొని మూతబడినది.

ఇంతకంటె జాగ్రత్తపడవలసినవి రెట్టింపు ఫండ్లు. వాయువు ధర నూటికి పది పెరిగినచో ఇరువది ఇత్తుమని ఇవి చెప్పును. ఆ మాట ఒక్క దినమునకు నిజమే. నూరు రూపాయల వస్తువు నేడు 110 అయి రేపు మరల 100 అయినదనుకొనుడు. రెట్టింపు ఫండులో నూరు రూపాయలు మొదటి దినము 120 అగును. రెండవ దినము నూటికి 18.18 పడి 98 రూపాయల 18 పైసలు అగును. వస్తువు ధర ఉన్నచోటనే ఉన్నది, సొమ్ము తగ్గినది. ఇట్లు పది మారులు ఊగినచో మిగులునది 83 రూపాయలు. పాఠశాలలో లెక్కలు చెప్పు మాస్టారుచేత ఈ లెక్క గ్రామసభలో నల్లబల్లపై వేయించినచో బాగుండునని మాకు తోచుచున్నది.

మన దేశపు నివాసి ఈ పరదేశపు ఫండ్లను కొనుట ఎట్లని అడుగవచ్చును. రిజర్వు బ్యాంకు 2004 లో మొదలిడిన సరళీకృత చెల్లింపుల పద్ధతి క్రింద ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరమునకు రెండున్నర లక్షల డాలర్ల వరకు పరదేశములకు పంపి షేర్లు, ఫండ్లు కొనవచ్చును. పరదేశపు ఎక్స్ఛేంజిలలో వాయిదా వ్యాపారమునకు మార్జిను కట్టుటకు మాత్రము ఆ పద్ధతి ఒప్పుకొనదు. కావున ఫోనులోని ఏదో యాపు ద్వారా అమెరికా వాయువు వాయిదాలలో నేరుగా ఆడింతుమని ఎవరైన చెప్పినచో, అచటనే సందేహింపవలెను.

స్వదేశమున వాయువు ధరపై వ్యాపారము జరుగు చోటు మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజి. 2006 నుండి అచట సహజవాయువు వాయిదాలు నడచుచున్నవి. ఇవి ఫండ్లు కావు. పెక్కుమంది రెండును ఒకటే అని భ్రమపడుచున్నారు. పేరు మన దేశపుదే అయినను అచట కూడ చివరకు లెక్క తీరునది అమెరికా ధరను రూపాయలలోనికి మార్చియే. ఒక ఒప్పందము 1,250 ఉష్ణమానపు యూనిట్లది. అనగా ధర ఒక్క రూపాయి కదలినచో 1,250 రూపాయలు వచ్చుటయో పోవుటయో జరుగును. ఇరువది రూపాయలు పడినచో పాతికవేలు పోవును. చిన్న ఒప్పందము దానిలో ఐదవ వంతు. మొత్తము విలువలో కొంత భాగమే ముందు కట్టవలసియుండుట చూచి, చిన్న పెట్టుబడియని మురియుచున్నారు. ఫండులో వేసిన సొమ్ము పోయినచో పోవునది ఆ సొమ్మే. వాయిదాలో వేసినదానికి మించి అప్పుపడవచ్చును. 2020 ఏప్రిలు 20 వ తేదీన అమెరికాలో ముడిచమురు ధర సున్నకు దిగువకు పోగా, మన ఎక్స్ఛేంజిలో ఆ నెల చమురు ఒప్పందము పీపాకు 2,884 రూపాయల ఋణధర వద్ద తీరినది. చమురు ధర సున్నకు దిగువకు పోజాలదని ధీమాగా కొని ఉంచుకొన్నవారు సరుకునకు పూర్తి ధరయు, దానిపై మరికొంతయు సమర్పించుకొనిరి.

కాకినాడ పేరు విని మరియొక భ్రమ కలుగుచున్నది. 2020 జూనులో ఇండియన్ గ్యాస్ ఎక్స్ఛేంజి ప్రారంభమైనప్పుడు దహేజ్, హజీరాలతోపాటు కాకినాడయు వాయువు ఇచ్చిపుచ్చుకొను కేంద్రముగా నిర్ణయింపబడినది. అది నిజముగ వాయువు కావలసిన కర్మాగారములకు, అమ్ము సంస్థలకు ఏర్పడిన అంగడి. మిగులు సొమ్ము దాచుకొను గృహస్థునకు అచట పనిలేదు.

కొందరు రైతులు మరియొక విధముగ వాదింతురు. ఈ వాదము కొంత ఆలోచింపదగినదే. యూరియాకు ముడిసరుకు సహజవాయువు. వాయువు ధర పెరిగినచో ఎరువు ఖర్చు పెరుగును. వాయువు ఫండు చేతనున్నచో ఆ నష్టమును అది పూడ్చును గదా అని. వినుటకు సబబుగానే ఉన్నది. కాని మన రైతు 45 కిలోల యూరియా బస్తాకు ఇచ్చు ధరను ప్రభుత్వము నిర్ణయించుచున్నది. వేప పూతయు పన్నులును కలిపి అది 266 రూపాయల 50 పైసలు. వాయువు ధర ఎగసినప్పుడు ఆ భారము కేంద్ర ప్రభుత్వపు సబ్సిడీ పద్దుపై పడుచున్నది గాని బస్తా ధరపై పడుట లేదు. 2022 లో ప్రపంచమంతట వాయువు మండిపోయినప్పుడు కూడ ఆ ధర మారలేదు. రైతునకు బాధ కలిగించునది బస్తా దొరకకపోవుట. దానిని ఏ ఫండును పూడ్చజాలదు. విజయవాడలో సి.ఎన్.జి. ఆటో నడుపువాని విషయము కొంత వేరు. అతడు కొను వాయువు ధర నిజముగనే మారుచుండును. కాని ఆ ధరలో మన దేశపు సూత్రపు ధర, దిగుమతి ధర, గొట్టపు కిరాయి, పన్ను అన్నియు కలసి ఉండుటచే, లూసియానా ఫండు దానికి జోడు కాజాలదు.

అయినచో వాయువు రంగమున మదుపు చేయ మార్గమే లేదా? కలదు. కాని అది కంపెనీలలో భాగము కొనుట. కేంద్ర ప్రభుత్వము తన సంస్థలలోని వాటాలను కొంత విక్రయించుటకై 2014 మార్చిలో సి.పి.ఎస్.ఈ. ఈటీఎఫ్ అను ఫండును ఏర్పరచినది. ప్రారంభమున అందు ఓ.ఎన్.జి.సి., గెయిల్, ఆయిల్ ఇండియా మొదలగు పది సంస్థల షేర్లు ఉండినవి. 2017 లో వచ్చిన భారత్ 22 అను ఫండులోను ఓ.ఎన్.జి.సి., గెయిల్ చేర్చబడినవి. ఇందలి సంస్థలు కాలానుగుణముగ మారుచుండును కనుక కొనునాటి జాబితాను చూచుకొనవలెను. వీనికి గడువు లేదు, నెలనెలా మార్పిడి లేదు. సంస్థ లాభము గడించినచో డివిడెండు వచ్చును. అయితే ఇవి కేవలము వాయువు ఫండ్లు కావు. బొగ్గు, విద్యుత్తు, రక్షణ పరికరముల సంస్థలును వీనిలో కలసియున్నవి. షేర్ల ధర పడినచో వీని ధరయు పడును.

కంపెనీ షేరు కొన్నంత మాత్రమున వాయువు తప్పక లాభమిచ్చునని కూడ కాదు. మన సముద్రపు వాయువు కథయే ఇందుకు నిదర్శనము. 2010 నాటికి కాకినాడ ఎదుటి క్షేత్రమునుండి దినమునకు సుమారు ఆరు కోట్ల ఘనపు మీటర్ల వాయువు వచ్చుచుండెను. దానిని నమ్ముకొని రాష్ట్రమున విద్యుత్ కేంద్రములు వెలసినవి, బ్యాంకులు అప్పులిచ్చినవి. భూగర్భమున పొరలు అనుకొన్నట్లు లేకపోయెను. నీరు చొచ్చినది, ఇసుక చేరినది. 2014 నాటికి ఉత్పత్తి నాల్గవ వంతు కంటె తక్కువకు దిగినది. మొదటి క్షేత్రములు 2020 ఫిబ్రవరిలో మూతపడినవి. కొండపల్లి కేంద్రము వంటివి వాయువు లేక చాలకాలము పనిలేకుండ నిలిచినవి. 2020 డిసెంబరు తరువాత ప్రక్కనున్న క్రొత్త క్షేత్రములనుండి మరల వాయువు వచ్చుచున్నది. విజయవాడనుండి ఇబ్రహీంపట్నము వైపు పోవువారికి కొండపల్లి వద్ద ఆ పొగగొట్టములు కనబడును. పెద్దపెద్ద ఇంజనీర్ల అంచనాలే అట్లయినప్పుడు, ఫోనులో వచ్చు సందేశపు అంచనాను ఎంతవరకు నమ్మవచ్చునో సభ్యులే యోచింపగలరు.

పంచాయతీ సొమ్ము విషయమున సందేహమునకు తావే లేదు. ఇంటిపన్నుగాని, ఆర్థిక సంఘపు నిధులుగాని గ్రామ పంచాయతీ నిధియే. దానిని నియమిత ఖాతాలలో ఉంచి, నియమిత పనులకు ఖర్చుపెట్టవలసినదే గాని, వడ్డీ ఎక్కువ వచ్చునని ఎక్స్ఛేంజికి పంపుటకు సర్పంచికిగాని, కార్యదర్శికిగాని, తీర్మానము చేసిన సభ్యులకుగాని అధికారము లేదు. స్వయంసహాయక సంఘముల పొదుపు సొమ్మును గూర్చియు సభ్యులు జాగరూకులై ఉండవలెను. అది పదిమంది స్త్రీలు వారము వారము కూర్చినది. బ్యాంకు అప్పు ఆ పొదుపును చూచియే వచ్చుచున్నది.

ఊరిలోనికి ఇట్టి ఫండును గూర్చి చెప్పుటకు ఎవరైన వచ్చినచో అతనిని అవమానింప పనిలేదు. కూర్చుండబెట్టి కొన్ని సంగతులు అడుగవచ్చును. ఈ ఫండు ఏ నెల ఒప్పందము పట్టుకొనియున్నది? పై నెలకు మార్చినప్పుడు గత సంవత్సరము ఎంత పోయినది? ధర ఏ ఊరి ధర? రెట్టింపు ఫండా, మామూలు ఫండా? మన సొమ్ము ఎవరి పేరున, ఏ ఖాతాలో ఉండును? పెట్టుబడి సలహా ఇచ్చువారు సెబీ వద్ద నమోదుకావలెను. సలహాదారుని సంఖ్య ఐ.ఎన్.ఏ. అను అక్షరములతోను, పరిశోధకుని సంఖ్య ఐ.ఎన్.హెచ్. అను అక్షరములతోను మొదలగును. ఆ సంఖ్యను అడిగి, సెబీ వారి జాబితాలో ఆ పేరే ఉన్నదో లేదో సచివాలయములోని కంప్యూటరులో అప్పటికప్పుడే చూడవచ్చును. ఇంత లాభము తప్పక వచ్చునని హామీ ఇచ్చుట నమోదైనవారికి నిషిద్ధము. హామీ ఇచ్చినవాడు నమోదుకానివాడో, నియమము తప్పినవాడో అయియుండును. సొమ్మును వ్యక్తి ఖాతాకు పంపుమనినచో పంపరాదు.

ఇదివరకే సొమ్ము కట్టినవారు మన గ్రామమున ఉన్నచో వారిచేత బ్యాంకు చెల్లింపు రసీదులు, ఫోనులోని సందేశములు చెరిపివేయక భద్రపరపింపవలెను. నమోదైన బ్రోకరుపై ఫిర్యాదును సెబీ వారి స్కోర్స్ అను వేదికలో దాఖలు చేయవచ్చును. నమోదుకాని యాపులో సొమ్ము పోయినచో 1930 అను సంఖ్యకు ఆ దినముననే ఫోను చేయవలెను. సొమ్ము మరియొక ఖాతాకు తరలిపోకముందే తెలిపినచో బ్యాంకు దానిని నిలుపుటకు అవకాశము ఉండును.